బొడ్లో తాళంచెవులు ఎవరివి?

వరంగల్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. తన పేరూ సీరియల్ పేరూ బయటపెట్టొద్దన్నారు. ఉత్తరం నాలుగు పేజీలుంది, కుదించి ఇస్తున్నాం.

ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. ఏడాదిగా ఒక యాప్‌లో ఫాంటసీ సీరియల్ రాస్తున్నారు. 40 భాగాలు అనుకున్నారు, 18 వచ్చాయి. కాకతీయుల కాలాన్ని మనసులో పెట్టుకుని కల్పించిన రాజ్యం అది. చెరువులు, కోటలు, సామంతులు, ఆకాశంలో ఎగిరే గండభేరుండాలు. అక్కడ కొందరు ఆడపిల్లలకు పుట్టుకతోనే 'జలవాక్కు' ఉంటుంది, వాళ్ళు పిలిస్తే నీళ్ళు కదులుతాయి. కొడుకుల్లేని రాజు పెద్దకూతురికి మగపేరు పెట్టి గద్దెనెక్కిస్తాడు. చెరువు తూము చూసుకునే నీరటి కూతురు ఆమెకు స్నేహితురాలవుతుంది.

గొడవంతా మూడు భాగాల దగ్గర వచ్చింది. 7వ భాగంలో ఒక సామంతుడు దాసిపిల్లపై అత్యాచారం చేస్తాడు. 11లో నీరటి కుటుంబాన్ని మంచినీళ్ళ రేవు దగ్గర్నుంచి తరిమేస్తారు. 15లో సేనాని భార్య చితి ఎక్కుతుంది. "ఆడవాళ్ళని ఏడిపించడంలో మీకేం సరదా?" అని కొందరు పాఠకులు విరుచుకుపడ్డారు. "మన దేశంలో స్త్రీని పూజించారు, పరాయివాళ్ళ రాతలు చదివి ఇవి రాస్తున్నారు" అని ఇంకొందరు. "గండభేరుండాలు ఎగిరే చోట కులమెందుకు, తీసిపారెయ్" అని ఒక స్నేహితురాలు. ఇవి చాలక ఇంట్లో ఇంకో చిక్కు. కథలో కోడలిని కాల్చుకుతినే రాజమాత ధాన్యాగారం తాళాల గుత్తి బొడ్లో దోపుకుని తిరుగుతుంది. ఈమె అత్తగారికీ ఆ అలవాటుంది. ఆవిడ ప్రతి భాగం ఫోన్లో చదివి ఏదో ఒక మాట అనేవారట. 16వ భాగం తర్వాత సీరియల్ ఊసే ఎత్తడం లేదు. "ఉన్నదే రాశాను కదా! ఆ భాగాలు తీసెయ్యాలా, ఉంచాలా? 19వ భాగం రాయబుద్ధి కావడం లేదు" అని ముగించారు. వచ్చిన 18 భాగాలూ ఉత్తరంతో పాటు పంపారు.

సమాధానం:

మీ ఉత్తరంలో "ఉన్నదే రాశాను" అన్నమాట నాలుగుసార్లు వచ్చింది. ముందు దాని సంగతి తేల్చుకుందాం. మిమ్మల్ని తిట్టేవాళ్ళు కూడా ఆ మాట మీదే నిలబడి తిడుతున్నారు.

పదమూడో శతాబ్దంలో తెలుగు నేల మీద ఉన్నదేమిటి? రుద్రమదేవి 1262 నుంచి 1289 దాకా ఏలింది. చాలా శాసనాలు ఆమెను 'రుద్రదేవ మహారాజు' అనే పిలిచాయి. మోటుపల్లి ఓడరేవు వైపు సంగతులు చెప్పిన మార్కో పోలో ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. కూతురు గద్దెనెక్కడం ఆయన ఊహకు అందలేదు కాబోలు. ఆమె తోబుట్టువు గణపాంబ, కోట బేతరాజు భార్య. భర్త పోయాక ఆమె చితి ఎక్కలేదు. ధరణికోట వైపు పాలన చూసుకుంది, భర్త పేరిట గుడి కట్టించింది. 1261 నాటి మల్కాపురం శాసనంలో ప్రసూతిశాలకు కూడా ఏర్పాటు రాసి ఉంది. గుడి సేవలో ఉండే సానులు సొంత సొమ్ముతో దానాలు చేసి రాతి మీద పేర్లు చెక్కించుకున్నారు. చితి ఎక్కిన ఆడవాళ్ళ గుర్తుగా నిలిపిన, గాజుల చెయ్యి పైకెత్తి ఉన్న సతి రాళ్ళు కూడా ఈ నేల మీదే దొరుకుతాయి. వెట్టీ ఇక్కడిదే.

ఇవన్నీ ఉన్నవే. "పూజించారు" అనే పాఠకుడు ప్రసూతిశాల ఒక్కటే పట్టుకున్నాడు, మీరు సతి రాయి ఒక్కటే పట్టుకున్నారు. ఎంచుకున్నది మీరు గనుక "అప్పట్లో అలాగే ఉండేది" అంటే మీ పూచీ తీరదు. పైగా మీది కల్పిత రాజ్యం. గండభేరుండానికి రెక్కలిచ్చిన చెయ్యే చితినీ పేర్చింది.

అయితే తీసెయ్యమంటున్నానా? లేదు. గొడవైన మూడు భాగాలూ చదివాక నాకు కనిపించిన లోపం వేరు. మీ రాజ్యంలో అణచివేత వానలా కురుస్తుంది. ఎందుకు కురుస్తుందో, ఎవరి చేలోకి పారుతుందో తెలియదు. నిజానికి అణచివేత ఒక ఏర్పాటు. దాన్ని రోజూ ఎవరో ఒకరు నడపాలి, దాంతో ఎవరికో ఒకరికి గింజలు ఇంటికి చేరాలి. ఈ లెక్క కనబడని చోట పాఠకుడికి ఏడుపే మిగులుతుంది, "ఏడిపించడంలో సరదా" అన్న నింద అక్కణ్ణుంచే వస్తుంది.

15వ భాగం తీసుకోండి. డప్పులు, పొగ, పసుపు చీర, కేకలు. తొమ్మిది వందల మాటల్లో ఆ సేనాని భార్య పేరు ఒక్కసారి వచ్చింది. ఆమె చస్తే ఎవరికి లాభమో ఎక్కడా లేదు. పదమూడో శతాబ్దంలోనే కేతన అనే కవి, మితాక్షర అనే సంస్కృత ధర్మశాస్త్ర వ్యాఖ్యను 'విజ్ఞానేశ్వరీయం' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మితాక్షర లెక్క ప్రకారం, అన్నదమ్ములతో పంపకాలై విడిపోయిన మగవాడు కొడుకులు లేకుండా పోతే ఆస్తి ముందు భార్యకు వస్తుంది. ఉమ్మడిలో ఉండగా పోతే ఆస్తి అన్నదమ్ములది, ఆమెకు తిండీ బట్టా. ఇప్పుడు మీ కథలో సేనాని చనిపోయిన రాత్రికి వెళ్ళండి. మరిది కరణం ఇంటి తలుపు తట్టి ఒక్కటే అడుగుతాడు: "మా అన్న పంపకాల పత్రం మీద సాక్షులు ఎంతమంది?" పత్రం గట్టిదని తేలితే తెల్లవారేసరికి ఊరంతా వదినగారి పాతివ్రత్యాన్ని పొగడటం మొదలుపెడుతుంది. గట్టిది కాదని తేలితే ఎవరూ ఆమె జోలికి రారు, వంటింట్లో ఒక మూల దొరుకుతుంది. అప్పుడిక చితి చూపించినా ఒకటే, చూపించకపోయినా ఒకటే. భయమంతా తలుపు తట్టిన చప్పుడులోనే ఉంటుంది.

ప్రతి కట్టుబాటుకీ ఈ పని చెయ్యండి. నోట్‌బుక్కులో ఒక పేజీ చాలు. దీనివల్ల ఎవరికి ఏం మిగులుతోంది (గింజలా, నేలా, పనా, పరువా), కాపలా ఎవరు కాస్తున్నారు, తప్పితే శిక్ష ఏమిటి, ఎవరికి అవసరం పడితే మినహాయింపు ఇస్తున్నారు. ఈ నాలుగోదాన్నే చాలామంది రచయితలు వదిలేస్తారు. నాకైతే కథలు పుట్టే చోటు అదే అనిపిస్తుంది.

11వ భాగమే చూడండి. నీరటి కుటుంబం రేవులో నీళ్ళు ముట్టకూడదు, బాగానే ఉంది. కానీ తూము బిరడా లాగడానికి అదే చెరువులో పీకలోతు దిగేది ఎవరు? ఆ నీరటే. కట్ట ఎక్కడ చెమ్మగిల్లుతోందో, అలుగు మీద ఎంత ఎత్తు పారితే ప్రమాదమో ఊళ్ళో అతనొక్కడికే తెలుసు. రేవు దగ్గర మైలపడే నీళ్ళు తూము దగ్గర మైలపడవు. తూము తెరవకపోతే పెద్దకాపు వరి ఎండిపోతుంది మరి. మీరు తరిమేసే సీను 700 మాటలు రాశారు, అతను నీళ్ళలో దిగే సీను అసలు లేదు. వరస మార్చి చూడండి. పొద్దున్న బిరడా లాగి, తడి బట్టలతో పైకొచ్చి, దాహమేసి రేవు వైపు నాలుగడుగులు వేస్తాడు. పొద్దున్న "జాగ్రత్తరా, లోతుంది" అన్న మనిషే అక్కడ కర్రెత్తుతాడు. తిట్లు కూడా అక్కర్లేదు.

తిట్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా, కల్పిత రాజ్యంలో నిజం కులాల పేర్లు, నిజం తిట్లు వాడకండి. ఈ రోజుకీ ఆ మాట పడుతున్న పాఠకుడు మీ సీరియల్‌లో మళ్ళీ దాన్ని చదవాలి, దానివల్ల మీ కథకు ఒరిగేదీ లేదు. బదులుగా ప్రతి సమూహానికీ రెండేసి పేర్లు పెట్టండి. ఊరు పిలిచేది ఒకటి, తమను తాము పిలుచుకునేది ఇంకొకటి. ఊరు వాళ్ళని 'కట్టకిందోళ్ళు' అంటే, వాళ్ళు తమను 'తూముకాపులం' అనుకోవచ్చు. ఎవరి నోట ఏ పేరు వస్తుందో చూసుకుంటే చాలు, ఎవరు ఎటువైపో పాఠకుడికి తెలిసిపోతుంది. మీ నాయిక 3వ భాగంలో ఒక పేరు వాడి 30వ భాగంలో రెండో పేరు వాడిందనుకోండి, ఆమె మారిందని వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు జలవాక్కు. మీ రాజ్యానికి అన్నిటికన్నా పెద్ద గండి ఇక్కడుంది. చెరువుల మీద బతికే దేశంలో నీళ్ళని పిలవగలిగిన ఆడపిల్ల పుడితే ఆమెను ఊరికే వదులుతారా? మీ కథలో మిగతా ఆడవాళ్ళలాగే ఆమె కూడా వడ్లు దంచుతోంది. ఎందుకు? ఆ శక్తి చుట్టూ కొత్త కట్టుబాట్లు పుట్టాలి. గుడికి అంకితం చేసి బయటికి పోనివ్వకపోవచ్చు. చెరువు కట్టించిన సామంతుడే ఆమె పెళ్ళి నిర్ణయించవచ్చు. ఆమె పుట్టిన ఇంటికి పన్ను మాఫీ చేసి, బదులుగా ఆమెను పుచ్చుకోవచ్చు. గౌరవం, బందిఖానా ఒకే గదిలో ఉంటాయి. "పూజించారు" అన్న పాఠకుడికి జవాబు కూడా ఇందులోనే దొరుకుతుంది: పూజిస్తారు, తాళమూ వేస్తారు. అదే శక్తి నీరటి కూతురికి ఉంటే? రేవు ముట్టకూడని పిల్ల పిలిస్తే చెరువు కదులుతుంది. ఊరు ఆమెది శక్తి అంటుందా, చేతబడి అంటుందా? ఆ ఏడాది వాన పడిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుందనుకుంటాను. ఈ ఒక్క ప్రశ్న మీ మిగతా 22 భాగాల్లో సగాన్ని మోస్తుంది.

7వ భాగం కష్టమైంది, నిదానంగా చూద్దాం. అత్యాచారానికి 1,200 మాటలు, మర్నాటి పొద్దుకు 80. ఆ తర్వాత దాసిపిల్ల కథలోంచి మాయం, నాయికకు కోపం రావడానికి మాత్రం పనికొచ్చింది. ఆ సీనులో ఒక వాక్యం: "తెల్లని మెడ మీద కన్నీటి చుక్క ముత్యంలా జారింది." ఎవరు చూశారు ఆ ముత్యాన్ని? ఆ గదిలో ఉన్నది ఇద్దరే. తన మెడ ఆమెకు కనబడదు. అంటే కథకుడు సామంతుడి కళ్ళలో కూర్చుని చూస్తున్నాడు. పాఠకుల్ని కూడా అక్కడే కూర్చోబెట్టారు. తిట్టినవాళ్ళు కారణం సరిగ్గా చెప్పలేకపోయి ఉండొచ్చు, వాళ్ళకు తగిలిన ముల్లు మాత్రం ఇదే.

మూడు దారులున్నాయి. ఆ సీను పూర్తిగా తీసెయ్యడం ఒకటి. నాయిక కోపానికి ఇంకో కారణం వెతుక్కోవాలి, అదేమంత కష్టం కాదు. కానీ కోటలో దాసీల బతుకు ఎలాంటిదో చెప్పే సందర్భం పోతుంది. రెండోది, జరిగిందని తెలియజేస్తూ గది తలుపు దగ్గరే ఆగి, కథను మర్నాటి పొద్దుతో మొదలుపెట్టడం. ఆమె నీళ్ళు తోడటానికి బావి దగ్గరికి వెళ్తుంది, మిగతా దాసీలు ఏమీ అడగకుండా ఆమె వంతు బిందెలు కూడా మోస్తారు, పెద్ద దాసి మాత్రం "ఎవరితోనూ అనకు" అంటుంది. అలా ఎందుకంటుందో ఆవిడకు సొంత కారణం ఉండాలి. ఇలా రాస్తే ఆ పిల్లను కనీసం ఇంకో మూడు నాలుగు భాగాలు వెంట తీసుకెళ్ళే బాధ్యత మీద పడుతుంది. మోయలేననుకుంటే ఈ దారి పట్టకండి. మూడోది, ఉన్నది ఉన్నట్టు ఉంచి భాగం మొదట్లో హెచ్చరిక పెట్టడం. హెచ్చరిక మంచిదే, రెండో దారిలోనూ పెట్టండి. కానీ ముత్యం వాక్యాన్ని అది బాగుచెయ్యదు. నేనైతే రెండోదాని వైపు మొగ్గుతాను.

ఇంకో విషయం, ఇది తెలుగులో రాసేవాళ్ళకే వచ్చే తంటా. మీ పేజీల్లో రాజు వచ్చాడు, సామంతుడు వచ్చాడు, రాణి వచ్చింది, దాసి వచ్చింది, ఏనుగు వచ్చింది. మన వ్యాకరణమే అంత. మగవాడు మహత్తు. ఏకవచనంలో ఆడది పశుపక్ష్యాదులతో పాటు అమహత్తు వరసలోకి పోతుంది, బహువచనంలోకి వస్తేనే మగవాళ్ళ పక్కన చోటు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో రాసిపెట్టిన సంగతే. దీన్ని మీరు మార్చలేరు, వాడుకోగలరు. మీ నాయికకు మగపేరు పెట్టారు కదా, పట్టాభిషేకం మర్నాడు మొదటి ఆజ్ఞ రాసే రాయసగాడి దగ్గరికి వెళ్ళండి. తాటాకు మీద "మహారాజు ఆజ్ఞాపిం" దాకా రాశాడు. గంటం ఆగింది. 'చెను' అని ముగిస్తే ఇటూ పట్టదు అటూ పట్టదు, తప్పించుకోవచ్చు. చదివి వినిపించేటప్పుడు మాత్రం నోటితో 'చాడు' అనాలి, లేదా 'చింది' అనాలి. సభంతా వింటోంది. 18 భాగాల్లో ఆమె మగపేరు ఒక్కరినీ ఇబ్బంది పెట్టలేదు, అది నాకు వింతగా ఉంది.

కథకుడి గొంతుకి ఒక నియమం పెట్టుకోండి. పాత్రలు ఒకర్నొకరు ఒరే, ఒసే, ఏమే అనుకోనివ్వండి, అది వాళ్ళ లోకం. కథకుడు మాత్రం రాజును 'ఆయన' అంటూ నీరటిని 'వాడు' అనకూడదు. ఇద్దర్నీ 'అతను' అంటే సరిపోతుంది. మీ 11వ భాగంలో కథకుడు నీరటిని 'వాడు' అని 14 చోట్ల అన్నాడు.

నాయిక 3వ భాగంలో చేసిన ప్రసంగం ("ఆడా మగా సమానమే, పుట్టుకతో ఎవరూ తక్కువ కాదు") తగ్గించండి. ఆమె మంచిది కావడానికి అడ్డేం లేదు, కానీ ఆ మాటలు ఆమె సభలో చెల్లే నాణెం కాదు. ఆ కాలం మనిషి తండ్రి ఇచ్చిన మాటను పట్టుకుంటుంది, ధర్మశాస్త్రంలో తనకు పనికొచ్చే శ్లోకం వెతుకుతుంది, అప్పుపడ్డ సామంతుడికి అప్పు గుర్తుచేస్తుంది. పల్నాటి కథలో బ్రహ్మనాయుడు చాప పరిచి అన్ని కులాల్నీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టాడంటారు, జనానికి గుర్తున్నది ఆ చాపకూడే. అదే కథ మంత్రిత్వం నెరపిన నాగమ్మను మాత్రం విలన్‌గా గుర్తుపెట్టుకుంది. కులం గురించి అంత ముందుకెళ్ళిన కథ ఆడమనిషి దగ్గర ఎందుకు ఆగిపోయింది? మీ నాయికలోనూ అలాంటి గుడ్డిచోటు ఒకటి ఉండనివ్వండి. రాణికీ నీరటి పిల్లకీ స్నేహం మరీ సులువుగా కుదిరింది. రాణి దాహంతో ఉంటే ఆ పిల్ల చేతి నీళ్ళు తాగుతుందా? మొదటిసారి ఒక్క క్షణం తటపటాయించి, ఆ తటపటాయింపు ఎదుటి పిల్ల కంట పడితే ఆ స్నేహం నమ్మబుద్ధవుతుంది.

మీ స్నేహితురాలి సలహా, అంటే వివక్షే లేని రాజ్యం, కూడా మంచి దారే. చాలామంది పాఠకులకు అది ఊపిరి పీల్చుకునే చోటు. కానీ 18 భాగాలయ్యాక అటు తిరిగితే మగపేరుకి అర్థం ఉండదు, నీరటి కూతురి కథ కూలిపోతుంది. పెళ్ళి, వారసత్వం, ఎవరి చేను ఎవరు దున్నుతారన్నది మొదట్నుంచీ మళ్ళీ కట్టుకోవాలి. ఆ ఊహ నచ్చితే వేరే కథకు దాచుకోండి.

ఇప్పటికే వచ్చిన భాగాలకు 7నీ 15నీ తిరగరాసి, పైన "ఈ భాగం మార్చాను" అని రెండు ముక్కలు పెట్టండి, చాలు. చెప్పకుండా మారిస్తే పాత భాగం స్క్రీన్‌షాట్లు బయటికొస్తాయి, గొడవ రెట్టింపవుతుంది. 11లో మాత్రం నీళ్ళలో దిగే సీను కలిపి, 'వాడు'లు దిద్దండి. కామెంట్లకు ఒక్కొక్కరికీ జవాబివ్వకండి. "పూజించారు" అన్నవాళ్ళతో శాసనాలు పట్టుకుని వాదనకు దిగితే వారం గడుస్తుంది, 19వ భాగం రాదు. ముత్యం వాక్యం గురించి మాత్రం తప్పు నాదేనని ఒప్పుకోవచ్చు.

ఇక అత్తగారు. ఆవిడకు కోపం వచ్చిందని మీరు అనుకుంటున్నారు. కావచ్చు, సంజాయిషీ ఇస్తే "అది మీరు కాదు" అనాలి, ఆవిడ నమ్మదు. అలా వదిలేస్తే ఇంట్లో ఆ మౌనం కొన్నాళ్ళుంటుంది, అదీ భరించలేనిదేం కాదు. మూడో దారి కథలోంచి వెళ్ళాలి. మీ రాజమాత 16 భాగాలుగా కోడలికి గింజలు కొలిచి ఇస్తోంది, ఎందుకో మీరు చెప్పలేదు. ఆమె కోడలిగా వచ్చినప్పుడు ఆ గుత్తి ఎవరి బొడ్లో ఉంది? ఎన్నేళ్ళకు ఆమె చేతికొచ్చింది? ఆ ఇంట్లో ఆమె పేరు మీద అది తప్ప ఇంకేమన్నా ఉందా? కొడుకు పోతే, పట్టం ఇంకో ఇంటికి పోతే ఆమె గతేమిటి? వీటికి జవాబులు మీ దగ్గర లేవని చదివినవాళ్ళకు తెలిసిపోతోంది. మీ అత్తగారి దగ్గర ఉండి ఉండొచ్చు. "మీకు తాళాలు ఎప్పుడొచ్చాయి అత్తయ్యా?" అని అడిగి చూడండి, సీరియల్ పేరెత్తకుండా, సాయంత్రం కూర తరుగుతూ. చెప్తే 19వ భాగం దొరికినట్టే. అది వాడుకునే ముందు మాత్రం ఆవిడను అడగండి. వద్దంటే రాజమాతకు ఇంకో గతం కల్పించండి, కల్పించడం మీకు వచ్చిన పనే కదా.